సబ్బు తగలని సీసాలు

మా ల్యాబులో గాజు సీసాలను సబ్బుతో కడగరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి ఇంట్లో చెబితే మా అమ్మ ముక్కు మూసుకుని, "ఛీ, ఆస్పత్రిలో పనిచేస్తూ ఆ రోత ఏంటే?" అంది. రోతేమీ లేదు. ముందు శుద్ధమైన నీళ్ళతో, తర్వాత ఘాటు వాసన వచ్చే ద్రావకంతో జాడించి బోర్లిస్తాం, అంతే. అడుగున తెల్లటి చారలు ఉండిపోతాయి కాబట్టి చూసేవాళ్ళకు మేమంతా ఒళ్ళు వంచని మనుషుల్లా కనిపిస్తాం. కనిపిస్తే కనిపించనీ. సబ్బు ఒక్కసారి తగిలిందంటే దాని జిడ్డు గాజును పట్టుకుని వదలదు. మన కంటికి ఆనదు. యంత్రానికి మాత్రం ఇంకేదీ ఆననివ్వదు.

ఆ యంత్రం అసలు పేరుకు నోరు తిరగదు. మేం అత్తగారు అంటాం. ఏం తెచ్చి పెట్టినా వంక పెట్టందే ఊరుకోదు మరి. గదిలో కాస్త వేడి ఎక్కువైతే మూతి ముడుచుకుంటుంది, గాలి సరిగ్గా ఆడకపోతే పడకేస్తుంది. అయినా ఆవిడ చేసే పని ఈ ఆస్పత్రిలో ఇంకెవరి వల్లా కాదు. ఒంట్లోంచి తీసిన ముక్కలో ఏ ప్రొటీన్ ఉందో చెబుతుంది. ఆ ముక్కను మేం ఉడకబెట్టి, ఒక ఎంజైములో రాత్రంతా ఉంచి, ప్రొటీన్లను చిన్న చిన్న తునకలు చేసి ఇస్తాం. అత్తగారు ఒక్కో తునకనూ తూచి, దాన్ని మళ్ళీ విరగ్గొట్టి, విరిగినవాటినీ తూస్తుంది. ఆ బరువులను మనిషి ప్రొటీన్ల పట్టికతో సరిచూస్తే ఇది ఫలానాదాని తునక అని తేలుతుంది. పెంకులు చూసి కుండను గుర్తుపట్టడం లాంటిదే అనుకోండి.

ఇదంతా నాకు నేర్పినాయన్ని అందరూ మాస్టారు అంటారు. ల్యాబు పెట్టిందీ ఆయనే, అత్తగారిని తెప్పించిందీ ఆయనే. చేరిన రోజే ఏదో విషయం మీద ఆయనతో వాదనకు దిగానని నాకు మొండిఘటం అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడింది. ఇప్పుడు జీతాల గుమాస్తా కూడా అలాగే పిలుస్తాడు, వాడి మొహం మండ.

మాస్టారికి రెండు నియమాలు ఉండేవి. ఒకటి సబ్బు. రెండోది, ఒక్క తునకను చూసి ఏ ప్రొటీన్‌కూ పేరు పెట్టకూడదు. కనీసం రెండు తునకలు సాక్ష్యం చెప్పాలి, అది కూడా స్పష్టంగా. ఎవరైనా కాగితం పట్టుకెళ్ళి "ఇది అదేననిపిస్తోంది మాస్టారూ" అన్నారో, కాగితం తిరిగి మొహాన కొట్టేవారు. "నీకేమనిపిస్తోందో మీ ఇంట్లోవాళ్ళకు చెప్పు. నాకు ఉన్నది చెప్పు" అనేవారు. ఆ మాట నేను తిన్నన్నిసార్లు ఎవరూ తినలేదు.

అలాంటి మాస్టారికి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. "లిఫ్టు ఉండగా మెట్లెందుకని గుండె అలిగింది" అని నవ్వేశారు. తర్వాత కాళ్ళు వాచి బూట్లు పట్టక చెప్పులతో వచ్చారు. ఆ తర్వాత పై అంతస్తులో గుండెజబ్బుల వార్డులో మంచమెక్కారు. గుండె డాక్టరమ్మ మెడలోని రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, గుండె లోపలి గోడ నుంచి బియ్యపు గింజలో సగం ఉండే ముక్క తీసింది. రంగు వేసి ప్రత్యేకమైన వెలుతురులో చూస్తే కండ మధ్య ఆకుపచ్చగా మెరిసింది. అంటే ఉండకూడని ప్రొటీన్ ఏదో అక్కడ పేరుకుని గుండెను గట్టిపరుస్తోంది.

ఏ ప్రొటీన్ అన్నదే ప్రశ్న. డాక్టరమ్మ నన్ను కారిడార్‌లోకి పిలిచి ఏ దాపరికం లేకుండా చెప్పింది. "రెండు అనుమానాలున్నాయి. ఎముక మజ్జలోంచి వచ్చేదైతే క్యాన్సర్‌కిచ్చే లాంటి ఘాటు మందు వెంటనే మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు. కాలేయంలోంచి వచ్చేదైతే దాని మాత్రలు వేరు. అప్పుడు పొరపాటున ఆ ఘాటు మందు ఇచ్చామనుకోండి, ఈ గుండె తట్టుకోలేదు. రక్తపరీక్ష రెండు వైపులా మాట్లాడుతోంది. స్కాన్ కూడా ఎటూ తేల్చలేదు. ఇక మీ యంత్రమే దిక్కు."

"ఇంకో ముక్క తీయొచ్చా, అవసరమైతే?" అని అడిగాను.

"ఆ గోడ జోలికి మళ్ళీ వెళ్ళను. చిల్లు పడుతుంది" అంది.

ఉన్న ముక్కను పొరలు పొరలుగా కోసి, రంగు పరీక్షలకే చాలావరకు వాడేశారు. నాకు మిగిలింది ఒకే గాజు పలక మీద ఉన్న ఒక పొర. ఆ సంగతి మాస్టారికి చెప్పడానికి వెళితే ఆయన కళ్ళు మూసుకునే, "ఎవరు చేస్తున్నారు?" అని అడిగారు.

"నేనే."

"అయితే నేను పడుకుంటాను" అని గోడ వైపు తిరిగారు. పొగడ్త అనేది ఆయన నోట రాదు. ఇదే ఆయన పొగడ్త అని తెలిసి నాకు మెట్ల దగ్గర ఏడుపొచ్చింది.

ఇక్కడ మాస్టారి భార్య గురించి చెప్పాలి. నేను పిన్నిగారూ అంటాను. చల్లటి మనిషి. ఖాళీగా కూర్చోవడం మాత్రం ఆవిడ వల్ల కాదు. వార్డులో మంచం పక్క గూడు తుడిచిందే తుడుస్తూ, దుప్పటి మడత పెట్టిందే పెడుతూ ఉండేది. నర్సులు కూడా వద్దనలేక చూస్తూ ఊరుకున్నారు. ఒక ఉదయం మాస్టారు తన చదువుకునే కళ్ళజోడు ల్యాబులో ఉండిపోయిందన్నారట. అది తీసుకురావడానికి ఆవిడ మా అంతస్తుకు వచ్చింది. అప్పుడు నేను పలక తెచ్చుకోవడానికి కింద కోతల గదిలో ఉన్నాను.

కళ్ళజోడు బల్ల మీదే దొరికి ఉంటుంది. ఆ పక్కనే కడిగే గది. సింకు దగ్గర మా సీసాలు బోర్లించి ఉన్నాయి, చారలు కట్టి, మా మామూలు అవతారంలో. వాటిని చూసి ఆవిడ మనసు ఒప్పుకుని ఉండదు. ఆయన లేకపోతే ఈ పిల్లలకు శుభ్రత ఎక్కడిది అనుకుని ఉంటుంది. టీ కప్పులు తోముకునే పీచూ, సబ్బూ అక్కడే ఉన్నాయి. సబ్బు వద్దని ఎక్కడా రాసి లేదు. ఎవరికోసం రాస్తాం? అక్కడికి వచ్చేవాళ్ళందరికీ తెలిసిన విషయమేగా.

నేను తిరిగి వచ్చేసరికి సీసాలు అరలో తళతళలాడుతున్నాయి. ఆ వారం కొత్తవి వస్తాయని స్టోరు వాడు అనడంతో ఇవి అవేననుకున్నాను. పనికి ముందు యంత్రాన్ని ఉత్త ద్రావకంతో నడిపి చూశాను, అద్దంలా ఉంది. దాని సీసాలు వేరు, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ముక్కను ఉడికించే ద్రావణం మాత్రం ఆ తళతళలాడే సీసాలోనే కలిపాను. మైక్రోస్కోపు కింద లేజరుతో, ఆకుపచ్చగా మెరిసిన చోట్లు మాత్రం కోసి గొట్టం మూతలోకి రాల్చాను. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత నలుసులు. ఆ ద్రావణం పోశాను, ఉడికించాను, ఎంజైము కలిపాను. తెల్లారాక సగం మాత్రం అత్తగారికి ఎక్కించి, మిగతా సగం దాచాను.

తెర మీద గీతలు లేవడం మొదలైంది.

దువ్వెన పళ్ళు ఎంత సమంగా ఉంటాయో అంత సమంగా ఎత్తుగా గీతలు, ఒక్కోదానికీ మధ్య బరువులో సరిగ్గా నలభై నాలుగు ఎడం. ప్రొటీన్ తునకల గీతలు అలా ఉండవు, ఒక వరసా వావీ ఉండదు వాటికి. ఈ దువ్వెనను మా పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఎంత దూరం నుంచైనా గుర్తుపడతారు. అది సబ్బు. తెర నిండా సబ్బు. దాని కింద మాస్టారి గుండెలోని ప్రొటీన్ ఎక్కడో ఉంది, నూతిలో పడ్డ ఉంగరంలా.

"ఎవరు తగలడ్డారు ఇక్కడికి?" అని గట్టిగా అరుస్తూ కడిగే గదిలోకి పరిగెత్తాను. ఎవరో దొరికితే చంపేద్దామనే వెళ్ళాను. టీ కప్పుల పీచు సింకు మీద నీళ్ళు పిండి, చక్కగా ఆరేసి ఉంది. దాని పక్కన మడత పెట్టిన చేతిరుమాలు, అంచుకు నీలం దారంతో కుట్టుపని. ఆ రుమాలు పిన్నిగారిది, మాస్టారి మంచం పక్క గూటి మీద రోజూ చూస్తున్నదే. నా కోపం వచ్చిన దారినే పోయింది. ఆ రుమాలు పట్టుకుని అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

దాచిన సగం కూడా అదే ద్రావణంలో ఉన్నది. తెలిసిన ఉపాయాలన్నీ చేసి సబ్బును వదిలించాలని చూశాను. వదిలింది. సబ్బుతో పాటు ప్రొటీనూ పోయింది. అత్తగారు ఉత్త చదునైన గీత చూపించి ఊరుకుంది. నలుసంత ముక్కలో ఉన్నదే కాస్త అయితే, అందులో కడగడానికి ఏం మిగులుతుంది, నా బొంద!

మొదటి సగంలో దువ్వెన పళ్ళ మధ్య వెతికి వెతికి ఒకే ఒక్క తునకను పట్టాను. కాలేయం ప్రొటీన్‌ది. అదీ సగం మసక. రెండోది దొరకలేదు. పైగా ఆ ప్రొటీన్ అందరి రక్తంలోనూ మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. గుండెలో పేరుకున్నది అదేనా, లేక ముక్కకు అంటిన రక్తపు తడి నుంచి ఒక తునక వచ్చిపడిందా? చెప్పలేం. ఎవరూ చెప్పలేరు.

డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆవిడ అంతా వింది. "సాయంత్రం లోపల నేను ఏదో ఒకటి మొదలుపెట్టాలి. మీ రిపోర్టులో ఏముంటే అదే చూస్తాను. మాస్టారితో మీరే చెప్పండి" అని పెట్టేసింది.

కాగితాలు పట్టుకుని పైకి వెళ్ళాను. మాస్టారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. పిన్నిగారు పక్కన కూర్చుని ఆయన గోళ్ళు తీస్తోంది. నన్ను చూడగానే ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "తెచ్చావా మొండిఘటం? ఇటివ్వు" అని చెయ్యి చాచారు.

పై కాగితం ఇచ్చాను. ఆయన పెట్టుకున్నది అదే, ల్యాబు నుంచి పిన్నిగారు తెచ్చిన ఆ కళ్ళజోడే. ఒక్క చూపు చూశారు.

"సబ్బు" అన్నారు.

నేను రెండో కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

"ఎవరే?"

"నేనే మాస్టారూ. తొందరలో..."

"నువ్వా? నీ సీసా వైపు ఎవరైనా చూస్తేనే కరుస్తావు. నువ్వు సబ్బు పెట్టావా?" నమ్మలేదు. కానీ నేను తల దించుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు ఆయనకు కోపం నిజంగానే వచ్చింది. "బుద్ధుందా? నెత్తీనోరూ కొట్టుకుని చెప్పానే! ఇన్నేళ్ళు ఏం నేర్చుకున్నావు నా దగ్గర? గడ్డి పీకావా?" అని అరవబోతే దగ్గొచ్చింది. ఆయాసంతో ముఖం నల్లబడింది.

పిన్నిగారు లేచి ఆయన వీపు నిమిరింది. "ఊరుకోండి, ఏంటా మాటలు? సీసా కడిగిందని పిల్లను ఇంత ఆడిపోసుకుంటారా ఎవరైనా? నిన్న కళ్ళజోడుకి వెళ్ళినప్పుడు నేనూ కడిగొచ్చాను మీ సీసాలన్నీ. అబ్బ, ఎన్ని చారలో! తోమలేక చేతులు పడిపోయాయి. నేను కడిగితే ఏమీ కాలేదుగా?"

మాస్టారి దగ్గు ఆగిపోయింది. నా వైపు చూశారు. నేను మంచం కోడు వైపు చూశాను. నా చేతిలో ఆవిడ రుమాలు ఉందని అప్పుడు గుర్తొచ్చి వెనక్కి దాచుకున్నాను. ఆయన అదీ చూశారు.

"నువ్వు కడిగావా?" అన్నారు మెల్లగా, ఆవిడ వైపు తిరిగి.

"ఆఁ. ఒంట్లో బాగై మీరు తిరిగి వెళ్ళేసరికి అన్నీ శుభ్రంగా ఉండాలని."

ఆయన కళ్ళజోడు తీసి దుప్పటి అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత నా వైపు వేలు చూపించి, "చూశావటే? ఆవిడ కడిగినవి లక్షణంగా ఉన్నాయి. నువ్వు ముట్టుకునేసరికి పాడయ్యాయి. పని ఎలా చెయ్యాలో ఆవిడను చూసి నేర్చుకో" అన్నారు. ఎప్పటి తిట్టే.

"అలాగే మాస్టారూ" అన్నాను.

పిన్నిగారు మురిసిపోయింది. పెళ్ళై ఇన్నేళ్ళకు ఒక మంచి మాట అన్నారు అని నాకు చెప్పి నవ్వింది. ఆయన వేడినీళ్ళు కావాలంటే ఫ్లాస్కు తీసుకుని బయటికి వెళ్ళింది.

ఆవిడ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి ఆయన అడిగారు. "ఏమైనా దొరికిందా, సబ్బు కింద?"

"ఒక తునక. కాలేయం ప్రొటీన్‌ది."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

రెండో కాగితం తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్ళ దగ్గరికి పెట్టుకుని ఒక్కో గీత మీదా కొత్తగా తీసిన గోరు ఆనిస్తూ పోయారు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చారు. ఎంతమంది కాగితాలు ఆయన అలా చూడటం చూశాను! ఎప్పుడూ తొందర లేదు, ఇప్పుడూ లేదు. మూడోసారి చూశాక, నా ముఖంలోకి చూడకుండా, "ఇది అదేననిపిస్తోంది కదే?" అన్నారు.

ఆ మాట ఆయన నోట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అవును మాస్టారూ, నాకూ అలాగే అనిపిస్తోంది, అనేద్దామని నోటిదాకా వచ్చింది. అంటే ఏం పోయింది? కాలేయానిదే అయితే మాత్రలతో ఇంకొన్నేళ్ళు కూర్చుంటారు, నన్ను తిడుతూ. కాకపోతే నా మాట విని మాత్రలు మింగుతూనే పోతారు. ఏది చెప్పినా సబ్బు నీళ్ళలో చెయ్యి పెట్టి చెప్పడమే.

"నాకు తెలియదు మాస్టారూ" అన్నాను. అని ఏడ్చేశాను. సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ, ఆవిడ రుమాలుతోనే.

ఆయన కాగితం మడిచి నాకిచ్చారు. "మరి అదే రాయి. తేల్చలేకపోయాం అని" అన్నారు. "ఏడవకే. సరిగ్గానే చేశావు" అని నా చేతి మీద తట్టారు. ఆ చెయ్యి చల్లగా ఉంది. "ఇంకో మాట. పిన్నికి ఈ జన్మలో తెలియకూడదు. మధ్యాహ్నాలు వార్డులోకి ఎవర్నీ రానివ్వరు, ఆవిడకు ఏం తోచదు. నీ దగ్గరికొస్తే రానివ్వు. ఏమైనా కడుగుతానంటే కడగనివ్వు."

తేల్చలేకపోయాం అని రాసి సంతకం పెట్టి పంపాను. డాక్టరమ్మ ఏం చేస్తుంది, పాపం! రెండింటిలో తొందరగా చంపేది మజ్జ ప్రొటీనే కాబట్టి అదేననుకుని ఘాటు మందు ఎక్కించింది. నప్పిందో లేదో ఇప్పుడే చెప్పలేనంటోంది. పొద్దున వెళితే మాస్టారు కళ్ళు తెరిచారు కానీ నన్ను తిట్టలేదు. తిట్టే ఓపిక లేదు.

ఈ మధ్యాహ్నం పిన్నిగారు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చీర కొంగు నడుముకి దోపి నేరుగా కడిగే గదిలోకి నడిచింది. నేను పక్కన తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. మోచేతుల దాకా నురగ. ఒక్కో సీసా వెలుతురుకు ఎత్తి చూసి, నచ్చకపోతే మళ్ళీ తోముతోంది.

"మందు పడిందిగా, ఇక తేరుకుంటారు. రాగానే ముందు ఇక్కడికే వస్తారు చూడు" అంది. "ఇంత తెల్లగా ఉంటే ఆయనకు ప్రాణం లేచొస్తుంది."

"అవును పిన్నిగారూ" అన్నాను.

సింకు దగ్గరున్నవన్నీ అయిపోయాయి. ఆవిడ చేతులు నీళ్ళలోనే ఉంచుకుని నా వైపు తిరిగింది. వార్డు తలుపులు తెరవడానికి ఇంకా చాలా సమయం ఉంది. "ఇంకేమీ లేవా?" అని అడిగింది.

"ఉన్నాయి" అన్నాను. లోపలికి వెళ్ళి, యంత్రం పక్కన తాళం వేసిన అరలోంచి సబ్బు తగలని ఆఖరి సీసాలు కూడా తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.